ఏజెంటు ద్వారా మొదటి ఫ్లాటు కొంటున్నారా? ఒక్కో మెట్టూ ఇలా

"సార్, ఏజెంటును నమ్మొచ్చా?" బ్యాంకులో ఇంటి లోన్ల ఫైళ్లు చూసే నన్ను వారానికి ఇద్దరైనా ఇదే అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకీ కౌంటరు దగ్గర నిలబెట్టి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నమ్మకం సంగతి పక్కన పెట్టి, అతనికి డబ్బు ఎప్పుడొస్తుందో చూడండి. రిజిస్ట్రేషన్ అయితేనే పూర్తి కమీషన్. డీల్ కుదరకపోతే తిరిగిన పెట్రోలు ఖర్చు కూడా రాదు. అందుకని ఇళ్లు వెతకడానికి, ఓనరును రేటు దగ్గర దించడానికి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పని కదిలించడానికి అతనంత పనికొచ్చే మనిషి దొరకడు. "ఈ ఇల్లు వద్దు సార్" అనే మాట మాత్రం అతని నోట వస్తుందని ఎదురుచూడకండి. ఆ మాట మీకు మీరే చెప్పుకోవాలి, లేదా మీ వకీలు చెప్పాలి.

ఇది ప్రధానంగా హైదరాబాద్‌లో రీసేల్ ఫ్లాటు, అంటే ఇదివరకే ఒక ఓనరు ఉన్న ఫ్లాటు, కొనేవాళ్ల కోసం. బిల్డరు దగ్గర కొత్తది కొంటుంటే ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడే చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు ఆఫీసుల పేర్లు మారతాయి తప్ప వరస ఇదే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

పాన్, ఆధార్, ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, రెండేళ్ల ఐటీ రిటర్నులు. బ్యాంకు నుంచి ముందస్తు లోన్ మంజూరు లెటరు. ఏజెంటుతో సంబంధం లేని, మీరు వెతుక్కున్న వకీలు. ఒక కొలత టేపు. ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి, పదో ఇల్లు చూసేసరికి మూడో ఇంట్లో బాల్కనీ ఎటువైపు ఉందో గుర్తుండదు.

1. చేతిలో ఎంత ఉండాలో ముందు లెక్క వేయండి

ఫ్లాటు 70 లక్షలు అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఉండే లోన్‌ను ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అంటే ఎక్కువలో ఎక్కువ 56 లక్షలు వస్తుంది, అదీ మీ జీతం ఒప్పుకుంటే. మిగతా 14 లక్షలు మీవి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. పూర్తి ధరకు రిజిస్టరు చేస్తే 5 లక్షల 25 వేలు. ఆంధ్రలో విడివిడి శాతాలు వేరైనా కూడితే అదే 7.5. ఏజెంటుకు 1 శాతం అనుకుంటే 70 వేలు.

ఇప్పటికే 20 లక్షలు. వకీలు ఫీజు, బ్యాంకు ప్రాసెసింగ్ చార్జీలు, వంటింటి కప్‌బోర్డులు ఇంకా ఇందులో కలపలేదు. "డౌన్ పేమెంటు 14 ఉంది కదా, చాలు" అనుకుని అడ్వాన్స్ ఇచ్చేసి, రిజిస్ట్రేషన్ వారం ఉందనగా బంగారం తాకట్టు పెట్టడానికి పరిగెత్తినవాళ్లు మా బ్రాంచికి ప్రతి నెలా వస్తారు. స్టాంపు డ్యూటీని లోన్‌లో కలపమని అడగకండి, ఈ స్థాయి ధరలో కుదరదు.

బిల్డరు దగ్గర, ఇంకా కట్టుబడిలో ఉన్న ఫ్లాటు అయితే దీనిమీద జీఎస్టీ 5 శాతం. హైదరాబాద్‌లో ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే జాగా) 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (బిల్డింగులో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చాక కొన్నదానికి జీఎస్టీ లేదు. రీసేల్‌కూ లేదు.

2. ఏజెంటును ఎంచుకోండి, కమీషన్ కాగితం మీద పెట్టించండి

మీరు కొనాలనుకున్న రెండు కిలోమీటర్ల పరిధిలో ఐదారేళ్లుగా పనిచేస్తున్నవాణ్ని వెతకండి. ఊరంతా తిప్పే ఏజెంటు కంటే ఒక్క కాలనీ గోడలు కూడా తెలిసినవాడు మేలు. ఆ చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు వాచ్‌మన్‌లను అడగండి, ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఎవరు బయానా (అడ్వాన్స్) పుచ్చుకుని మాయమవుతారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రియల్ ఎస్టేటు ప్రాజెక్టులను, ఏజెంట్లను అదుపుచేసే చట్టం రెరా. దాని కింద నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తనూ రెరాలో నమోదై ఉండాలి. నంబరు అడిగి తెలంగాణ రెరా వెబ్‌సైటులో మీరే చూడండి. పాత అపార్ట్‌మెంట్ల రీసేల్ మాత్రమే చూసేవాళ్లకు ఆ నంబరు లేకపోవచ్చు, అదొక్కటీ తప్పు కాదు.

కమీషన్ రీసేల్‌లో 1 నుంచి 2 శాతం దాకా అడుగుతారు. బిల్డరు ఫ్లాటుకు కమీషన్ మామూలుగా బిల్డరే ఇస్తాడు, మీరు ఇవ్వక్కర్లేదు. ఈ నాలుగు మాటలు మొదటి రోజే వాట్సాప్‌లో రాసి, "సరే" అనిపించుకోండి: ఎంత శాతం, ఏ ధర మీద, ఎప్పుడు (సగం అగ్రిమెంటు రోజు, సగం రిజిస్ట్రేషన్ అయ్యాక), డీల్ ఆగిపోతే తిరిగి ఇస్తారా. అమ్మేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నారా అని సూటిగా అడగండి. రెండు వైపులా తీసుకోవడం మామూలే. దాచడం మామూలు కాదు.

ఇంకో సంగతి. మీ అసలు బడ్జెట్ చెప్పకండి. 70 పెట్టగలిగితే 62 అని చెప్పండి. 70 అని చెప్పిన రోజు నుంచి మీకు 76వే చూపిస్తారు.

3. ఇల్లు చూడటం: పగలు ఒకసారి, రాత్రి ఒకసారి

ఏజెంటు మిమ్మల్ని ఉదయం పదకొండింటికి తీసుకెళ్తాడు. వెలుగు బాగుంటుంది, పార్కింగ్ ఖాళీగా ఉంటుంది. నచ్చిన ఇంటికి రాత్రి తొమ్మిదింటికి మీరొక్కరే వెళ్లండి. మీదని చెప్పిన పార్కింగ్ చోట ఎవరి కారు ఉందో అప్పుడు తెలుస్తుంది.

వాచ్‌మన్‌ను అడగాల్సింది ఒకటే: "ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి?" మంజీరా నీళ్ల కనెక్షన్ ఉంది, రెండు బోర్లు ఉన్నాయి అని ఏజెంటు చెప్పింది నిజమే కావచ్చు. బోరులో నీళ్లున్నాయా అన్నది వేరే ప్రశ్న.

తర్వాత టేపు తీయండి. ఏజెంటు కొంచెం నవ్వుతాడు, పట్టించుకోకండి. బెడ్‌రూమ్ 10 అడుగులు బై 11 అనుకోండి. 6 బై 6.5 మంచం వేసి, ఒక గోడకు రెండడుగుల లోతు బీరువా పెడితే, బీరువా తలుపు తెరిచాక మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఇది బ్రోచరులో కనిపించదు. అన్ని గదుల లోపలి కొలతలూ కూడి చూసుకోండి. 1,250 ఎస్‌ఎఫ్‌టీ అని అమ్మే ఫ్లాటులో లోపల నడిచే జాగా 900 కూడా ఉండకపోవచ్చు. మిగతాది గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడారులో మీ వాటా. రెరా వచ్చాక బిల్డర్లు కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. రీసేల్‌లో ఎవరూ చెప్పరు, మీ టేపే చెప్పాలి.

4. కాగితాలు

అందరూ జారిపడేది ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఏజెంటును ఈ జిరాక్సులు అడగండి: ఓనరు సేల్ డీడ్; అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లన్నీ; బిల్డరుకూ స్థలం ఓనరుకూ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, దాని వెంట ఎవరి ఫ్లాట్లు ఎవరివో పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంటు; మంజూరైన ప్లాను; ఆక్యుపెన్సీ సర్టిఫికెట్; ఇంటి పన్ను, కరెంటు, నీటి బిల్లులు; సొసైటీ నుంచి బాకీ లేదన్న లెటరు. "అన్నీ క్లియర్ సార్, బ్యాంకు లోన్ ఉన్న ఫ్లాటే" అంటాడు. జిరాక్సులు వచ్చేదాకా ఆ మాటను మాటగానే ఉంచండి.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల చిట్టా, మీరే తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో 1983 నుంచి దొరుకుతుంది. ఒక్క ఫ్లాటు నంబరుతో వెతికి ఆపేయకండి. డాక్యుమెంటు నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో లేదా ఇంటి నంబరుతో ఇంకోసారి వెతకండి. ఎంట్రీ చేసేటప్పుడు ఫ్లాటు నంబరు తప్పు పడితే ఒకదాంట్లో కనిపించనిది ఇంకోదాంట్లో కనిపిస్తుంది. ఈసీలో రిజిస్టరైనవే ఉంటాయి. నోటరీ కాగితాలు, నోటిమాట బయానాలు, కోర్టు కేసులు ఉండవు. అందుకని ఓనరు పేరుతో ఈకోర్ట్స్ సైటులో వెతకండి, తాకట్టు ఏమైనా ఉందేమో కొద్దిపాటి ఫీజు కట్టి, తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో చూడండి.

నిషేధిత జాబితా చూడటం మరిచిపోకండి. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద ఆ జాబితాలో ఉంటాయి, అవి రిజిస్టరు కావు. అలాగే చెరువు దగ్గర్లో ఉంటే హెచ్‌ఎండీఏ (నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) గీతలు ఎక్కడి దాకా వచ్చాయో చూడండి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ గీతల విలువ ఊరందరికీ తెలిసొచ్చింది. "లేక్ వ్యూ" అని ఎక్కువ రేటు చెబితే ఇంకాస్త దగ్గరగా చూడండి.

ప్లానులో అంతస్తులు లెక్కపెట్టండి, తర్వాత రోడ్డు మీద నిలబడి బిల్డింగులో లెక్కపెట్టండి. స్టిల్టు (కింద పార్కింగ్) ప్లస్ ఐదు అంతస్తులకు మంజూరై, పైన ఆరో అంతస్తు పెంట్‌హౌస్ ఉంటే అది ప్లానులో లేనిదే. మీరు కొనేది రెండో అంతస్తే అయినా, మొత్తం బిల్డింగుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకపోవడానికి అదే కారణం కావచ్చు.

కొత్త ఫ్లాట్లలో ఇంకొకటి: బిల్డరు నిర్మాణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా అది విడుదల కాదు. మీకు చూపిస్తున్న ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందేమో తనఖా డీడ్ చూసి సరిపోల్చుకోండి. చవగ్గా వస్తున్న ఫ్లాటు ఒక్కోసారి అదే అయి ఉంటుంది.

తండ్రి నుంచి వచ్చిన ఆస్తి అయితే అక్కచెల్లెళ్ల గురించి అడగండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. "చెల్లికి పెళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట డాక్యుమెంటు కాదు. ఆమె సంతకం కావాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం కావాలి.

జీపీఏ (ఓనరు తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి ఇచ్చే పత్రం) మీద అమ్ముతుంటే, జీపీఏ ఇచ్చిన మనిషి బతికే ఉన్నారా, రద్దు చేశారా అన్నది చూడాలి. విదేశాల్లో ఉన్న ఓనరు అయితే వీడియో కాల్‌లో ఆయన ముఖం చూసి మాట్లాడందే ముందుకు వెళ్లకండి. ఆయన ఎన్నారై అయితే పన్ను కోత కూడా వేరే రేటు, చాలా ఎక్కువ. ముందే ఒక సీఏను అడగండి.

ఇవన్నీ చూశాక కూడా మీ వకీలు దగ్గర రాతపూర్వకంగా లీగల్ ఒపీనియన్ తీసుకోండి. "బ్యాంకు వకీలు చూస్తాడుగా" అంటారు. చూస్తాడు, కానీ బ్యాంకు కోసం చూస్తాడు. పార్కింగ్ ఎవరిదో, సొసైటీ గొడవ ఏమిటో ఆయనకు అక్కర్లేదు.

5. బేరం, టోకెన్

బేరం ఏజెంటుకు అప్పజెప్పండి, అందులో వాళ్లు దిట్టలు. మీరు ఇవ్వాల్సింది కారణాలు: పెయింటు, లీకేజీ, పాత లిఫ్టు, అదే బిల్డింగులో ఈమధ్య రిజిస్టరైన ఫ్లాటు. ఇంటి అందం గురించి ఓనరు ఎదుట ఒక్క మాట కూడా అనకండి. "హాలు భలే ఉందండీ" అన్న మాటకు రెండు లక్షలు అవుతుంది.

ఆదివారం సాయంత్రం ఫోన్ వస్తుంది: "సార్, ఇంకో పార్టీ రేపు పొద్దున వస్తున్నరు. యాభై వేలు టోకెన్ కొట్టండి, మీకు ఆపేస్తా." బ్యాంకులో కూర్చుని అందరికీ జాగ్రత్తలు చెప్పే నేను, నా సొంత ఫ్లాటు వెతుకులాటలో ఆ ఫోన్‌కు పడిపోయాను. కాగితం ముక్క లేకుండా 50 వేలు పంపాను. మర్నాడు సేల్ డీడ్ జిరాక్సు వచ్చింది. ఓనర్లు ఇద్దరు, భార్యాభర్తలు, విడిగా ఉంటున్నారు. అమ్ముతున్న సంగతి ఆవిడకు తెలియనే తెలియదు. డబ్బు వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

అందుకని టోకెన్ ఎంత చిన్నదైనా ఒక పేజీ రసీదు రాయించండి: ఫ్లాటు నంబరు, ఒప్పుకున్న ధర, ఓనర్లందరి సంతకాలు, "కాగితాలు సరిగా లేకపోతే లేదా లోన్ మంజూరు కాకపోతే ఇన్ని రోజుల్లో పూర్తిగా తిరిగి ఇస్తాను" అన్న వాక్యం. డబ్బు ఓనరు ఖాతాకే పంపండి, ఏజెంటు ఖాతాకు వద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

బిల్డరు దగ్గరైతే రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి అడగకూడదు. రెరా నంబరు రాకముందే "ప్రీలాంచ్, మొత్తం కట్టేస్తే ఎస్‌ఎఫ్‌టీకి రెండు వేలు తక్కువ" అంటే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. నమోదు కాకుండా అమ్మడమే చట్టవిరుద్ధం, డబ్బు ఇరుక్కుంటే పట్టుకోవడానికి మీ పేరు మీద సెంటు స్థలం కూడా ఉండదు.

6. అగ్రిమెంటు, లోన్, టీడీఎస్

అగ్రిమెంటు నమూనా ఏజెంటు తెస్తాడు, మీ వకీలుతో దిద్దించండి. గడువు 60 నుంచి 90 రోజులు పెట్టండి. 30 రోజులకు ఒప్పుకుంటే బ్యాంకు ఆలస్యం మీ మెడకు చుట్టుకుంటుంది. పార్కింగ్ నంబరు, స్థలంలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, ఏసీలు, గీజర్లు, కప్‌బోర్డులు వదిలి వెళ్తారా అన్నవన్నీ రాయించండి.

ఓనరుకు లోన్ ఉంటే, ఒరిజినల్స్ వాళ్ల బ్యాంకులో ఉంటాయి. ఫోర్‌క్లోజర్ లెటరు (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పేది), బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా తెప్పించమనండి. మీ బ్యాంకు చెక్కు నేరుగా వాళ్ల బ్యాంకుకే వెళ్లాలి. "ముందు మీరు 30 లక్షలు ఇస్తే నేను క్లోజ్ చేసి తెస్తా" అన్నదానికి ఒప్పుకోకండి, మనిషి ఎంత మంచివాడైనా సరే.

ధర 50 లక్షలు, అంతకు మించితే 1 శాతం టీడీఎస్ (ఓనరు తరఫున ముందే కోసే పన్ను) మీరు కోసుకుని, ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఓనరు పాన్ మీద కట్టాలి. 70 లక్షలకు 70 వేలు. ఇది ధరలోదే, అదనం కాదు. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టాలి. సర్టిఫికెట్ దించి ఓనరుకు ఇవ్వండి. మరిచిపోయినవాళ్లకు వడ్డీతో, లేటు ఫీజుతో నోటీసు వస్తుంది.

ధర తక్కువ చూపించి మిగతాది నగదుగా ఇవ్వమంటే? లోన్ తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను మీ మీద పడుతుంది. ఓనరుకు లాభం, ఏజెంటుకు పోయేదేం లేదు.

7. రిజిస్ట్రేషన్ రోజు

చలానా కట్టి, స్లాటు తీసుకుని, ఇద్దరు సాక్షులతో వెళ్తారు. అక్కడ ఏజెంటు బాగా అక్కరకొస్తాడు, ఏ కిటికీ దగ్గర ఎవరున్నారో అతనికి తెలుసు. మీ పని ఒక్కటే: డీడ్ వివరాలు సరిచూసుకోమని ఇచ్చే చెక్ స్లిప్ చేతికి రాగానే ఒక పక్కన కూర్చుని అక్షరం అక్షరం చదవడం. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, ఫ్లాటు నంబరు, అంతస్తు, ఎస్‌ఎఫ్‌టీ, గజాలు, నాలుగు వైపులా చెక్కుబందీ, పార్కింగ్. తూర్పున కారిడారు ఉండాల్సిన చోట ఖాళీ స్థలం అని పడితే, ఇప్పుడు దిద్దడానికి ఐదు నిమిషాలు. తర్వాతైతే సవరణ పత్రం రిజిస్టరు చేయాలి, దానికి ఓనరు మళ్లీ రావాలి. డబ్బు ముట్టిన ఓనరు రావడానికి ఎంత తీరిక ఉంటుందో మీరే ఊహించుకోండి.

"జల్దీ సార్, వెనక లైన్ ఉంది" అంటారు. ఉండనివ్వండి.

8. అయ్యాక సరిచూసుకోవాల్సినవి

వారం పది రోజులకు కొత్తగా ఈసీ తీయండి. చివరి ఎంట్రీలో కొన్నవారుగా మీ పేరు, మీ డాక్యుమెంటు నంబరు కనిపించాలి. పాత ఓనరు తనఖా ఉంటే దాని విడుదల కూడా ఎంట్రీ అయి ఉండాలి. కాకపోతే పాత బ్యాంకు లెటరు పట్టుకుని అప్పుడే తిరగండి, పదేళ్ల తర్వాత ఆ బ్రాంచి ఎక్కడుందో కూడా తెలియదు. ఇంటి పన్ను రసీదులో పేరు మారిందా చూడండి. కరెంటు, నీటి కనెక్షన్ల పేరు మార్పు, సొసైటీలో సభ్యత్వం, కార్పస్ ఫండ్ (సొసైటీ దగ్గర జమైన మూలధనం) బదిలీ వీటి తర్వాత. కొత్త ఫ్లాటు అయితే గోడ పగుళ్లు, స్లాబు లీకేజీలాంటివి స్వాధీనం చేసుకున్న ఐదేళ్ల లోపు రాతపూర్వకంగా చెబితే బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. అందుకని హ్యాండోవర్ రోజే తేదీ వేసి ఫొటోలు తీసిపెట్టుకోండి.

ఏజెంటుకు ఇవ్వాల్సిన రెండో సగం కమీషన్, తాళాలన్నీ, గేటు రిమోటు, సొసైటీ లెటరు మీ చేతికొచ్చిన రోజు ఇవ్వండి. ఆలస్యం చేయకండి, బ్యాంకు ఖాతాకే పంపండి, రసీదు అడగండి.